తడి ఆరని చార

కత్తి పులుపులో దిగాక చేతికి పని లేదు, కంటికే పని. చూరు నీడ జరిగి జరిగి తొట్టి అంచు తాకేదాకా కూర్మమ్మ ఆ పీట మీంచి లేవకూడదు, మంచినీళ్లు ముట్టకూడదు, కత్తిని వేలితో తాకకూడదు. వేలి జిడ్డు అంటినచోట పులుపు పట్టదు, అది ఇనుము సంగతి. నీళ్లు ముట్టకపోవడం ఊరిదేవత అసిరితల్లి సంగతి. రెండింటినీ అత్త తవిటమ్మ ఒకే ఊపిరిలో చెప్పి పిండి జల్లించుకోడానికి వెళ్లిపోతుంది కాబట్టి, ఏది దేనికోసమో విడదీసుకోవడం కూర్మమ్మ ఎప్పుడో మానేసింది. రాతితొట్టిలో తరవాణి ఉంది, కుండలో పులిసి పులిసి, దగ్గరికి వంగితే కళ్లు మండించే గంజితేట. అందులో ఆమదాలవలసలో కొన్న అన్నభేది ఉప్పు పచ్చగా కరిగింది, పైన నిమ్మకాయలు పిండారు. అడుగున కత్తి పడుకుని ఉంది. ఏడేళ్లకోసారి తల్లి పండక్కి కొత్త కత్తి దిగాలి. దాంతో తల్లి ముందు పొట్టేలు తల ఒక్క వేటుకి తెగాలి. ఆ వేటు కత్తి చేసిన ఇంటివాడే వెయ్యాలి. మామ జగన్నాధానికి ఇప్పుడు భుజం పైకి లేవదు. రేపు పొద్దున్న ఆ వేటు వేసేది గంగులు, ఆమె పెనిమిటి. ఇంకా ఏ గుర్తూ లేదు కత్తి మీద. బూడిదతో తోమి, కుంకుడు రసంతో కడిగి దించిన కత్తి, కొత్త పళ్లెం లోపలివైపులా తెల్లగా మెరుస్తోంది. ఆవగింజల్లాంటి బుడగలు దాని ఒంటి నిండా పుట్టి, ఒక్కొక్కటే విడిపడి, పైకొచ్చి చిట్లిపోతున్నాయి. తింటోంది, అనుకుంది కూర్మమ్మ. పులుపు తినడం మొదలెట్టింది.

ఇనుమును ఏదో ఒకటి తినెయ్యడం ఆమె పుట్టిననాటి నుంచీ చూస్తున్నదే. నౌపడలో ఇనుము బతకదు. ఉప్పుమడుల గాలి కొడవలిని తినేస్తుంది, తలుపు గొళ్లేన్ని తినేస్తుంది, ట్రంకుపెట్టె అడుగును తినేస్తుంది. అమ్మ కత్తిపీటని ప్రతి వానాకాలం తర్వాతా ఇటుకపొడితో గీకేది. గీకిన కొద్దీ అది సన్నమై సన్నమై చివరికి ముసలావిడ పన్నులా మిగిలింది. మిషను బడిలో లీలారాణి టీచరమ్మ ఓసారి మేకుని నిమ్మచెక్కలో గుచ్చి కిటికీలో పెట్టి, మర్నాడు తీసి చూపించింది. ఉప్పూ పులుపూ ఇనుముకి చెదలు అని చెప్పింది. అప్పుడు కూర్మమ్మ లేచి, తన జన్మలో లేచి అడిగిన ఒకే ఒక ప్రశ్న అడిగింది. "మరి ఇనుముకి నొప్పి పుడతాదేటండీ?" తరగతంతా నవ్వింది. టీచరమ్మ మాత్రం నవ్వలేదు, నాకు తెలీదమ్మా అంది. ఆ మాట కూర్మమ్మకి చాలా నచ్చింది. తెలీదు అని చెప్పే పెద్దవాళ్లని ఆమె తర్వాత ఎక్కడా చూడలేదు. ఈ ఇంట్లో అయితే అందరికీ అన్నీ తెలుసు. తెలిసినవే ఎవరూ చెప్పరు.

మామ ఆమెకి పెళ్లికాక ముందు నుంచీ మామే, అమ్మకి సొంత అన్న. ఏడాదికోసారి రైలెక్కి చెల్లెల్ని చూడటానికి నౌపడ వచ్చేవాడు. సంచిలో జీళ్లు, గుడ్డలో చుట్టిన కత్తి. చెల్లెలికి కత్తి ఊరికే ఇవ్వకూడదని చేతిలో ఓ కాణీ పెట్టించుకుని మరీ ఇచ్చేవాడు. ఆ కత్తుల్లో ఒకదాని మీద ఆమె మొదటిసారి ఆ అలలు చూసింది. నల్లవీ తెల్లవీ, ఒకదాని పక్కన ఒకటి, మడిలో నీరు ఎండిపోతూ వెనక్కి తగ్గినప్పుడు బురద మీద మిగిలే గీతల్లా. "మావా, ఈ బొమ్మ ఎవులు గీసినారు?" అంది. "నీకు కాబోయే మొగుడు గీసినాడే గుంటా" అని ముందు ఆట పట్టించి, తర్వాత ఒళ్లో కూచోబెట్టుకుని చెప్పాడు. "ఎవులూ గీయనేదు. మెత్తినుమూ ఉక్కూ పొరలు పొరలుగా అతికీసి, మడతపెట్టి, మళ్లీ అతికీసి సాగ్గొట్టినావనుకో, ఆ పొరలన్నీ లోపలే ఉంతాయి. పైకి కనపడవు. పులుపు ఒచ్చి పైతోలు తీసీస్తాది. లోపలేటున్నాదో అదే బయటికొస్తాది. మనిసికి సారా పోసినట్టే." అమ్మ కసిరింది, గుంటకి చెప్పే మాటలేనా అవి అని. మామ పెద్దగా నవ్వాడు. అప్పుడాయన కళ్లు నల్లగా, తళతళలాడుతూ ఉండేవి, తుమ్మముల్లు మొనమీద చీమ పాకినా కనిపెట్టేవి. ఆ కళ్లెప్పుడు పాలు కలిపినట్టయ్యాయి? పెళ్లినాటికే మొదలైందా? పెళ్లయి రైల్లో వస్తున్నప్పుడు తిలారు దాటాక గంగులు కంట్లో బొగ్గునలుసు పడింది. "తీయే, నీకే పుణ్యం" అని అతను మొహం దగ్గరకి పెట్టాడు. బోగీ అంతా చూస్తుంటే ఆమె సిగ్గుతో చచ్చిపోతూ కొంగుకొసతో తీసింది. ఎదురుబల్ల మీద కూచున్న మామ "ఏటిరా, ఏటయ్యిందిరా" అని అడుగుతూనే ఉన్నాడు. అంత ఎదురుగా కూచుని అడుగుతూనే ఉన్నాడు. అప్పుడు వెలగలేదు. కొన్ని సంగతులు జరిగినప్పుడు తెలియవు. తొట్టిలో పడుకుని ఉంటాయి.

బుడగలు తగ్గుతున్నాయి. చూరు నీడ ఇంకా జానెడు దూరంలో ఉంది. అవతల గుడి దగ్గర డప్పులవాళ్లు తోళ్లు మంటకి కాచుకుంటూ మధ్యమధ్య ఒక్కో దెబ్బ వేసి చూసుకుంటున్నారు. డప్పు బిగిసిందో లేదో దెబ్బే చెబుతుంది. దెబ్బ అబద్ధం చెప్పదు. ఆ రోజు కూడా చెప్పలేదు. కూర్మమ్మ ఆ రోజు దగ్గరికి పోకూడదనుకుంటూనే పోతుంది. నాలుక విరిగిన పంటి దగ్గరికి పోయినట్టు. అది ఈ కత్తికి ఆఖరి అతుకు వేసిన రోజు. బండిచక్రం పట్టా ఇనుమూ, రైలు స్ప్రింగు ఉక్కూ, అప్పటికే ఎన్నోసార్లు మడిచి అతికిన దిమ్మ. పుట్టమన్ను పూసి కొలిమిలో పెట్టారు. తిత్తి దగ్గర ఆమె, సమ్మెటతో గంగులు, పట్టకారుతో మామ. అతుకు వేసే వేళ కొలిమిలో ఎవరూ మాట్లాడకూడదు. ఆ వేళ నోరు జారిన మాట పొరల మధ్య చిక్కుకుపోతుందని, తర్వాత కత్తి తగిలిన చోటల్లా ఆ మాట పలుకుతుందని ఈ ఇంటి నమ్మకం. దగ్గు వచ్చినా బయటికి పోయి దగ్గాల్సిందే. ఇనుము వెన్నరంగుకి రావాలి. వెన్నరంగుకి వచ్చి ఒళ్లంతా చెమట పట్టినట్టు మెరిసి, చిటపట నక్షత్రాలు రాలుస్తున్నప్పుడు తీసి కొడితే రెండు ఇనుములూ ఒకటైపోతాయి. ఆమె చూస్తోంది. నిప్పుల మధ్య దిమ్మ పండిన తాటిపండు రంగులో ఉంది. తాటిపండు రంగు చాలదు. మామ మొహం నిప్పుల దగ్గరికి వంచి, కళ్లు చిట్లించి, పట్టకారు బిగించాడు. అప్పుడు ఆమె ఏం చెయ్యగలదు? తిత్తి గట్టిగా తొక్కింది. కాలుతో చెప్పింది, మావా ఇంకా, మావా ఇంకా అని. నిప్పులు ఎగిరిపడ్డాయి. ఆయన తల అటు తిప్పి, కోడలు ఆడుకుంటోందనుకున్నాడో ఏమో, కనుబొమ్మలతోనే కసిరి దిమ్మ పైకి తీసి దాకలి మీద పెట్టాడు. గంగులు సమ్మెట వేశాడు. ఠంగు, ఠంగు, ఠంగు. మధ్యలో ఒకటి ఠంగుమనలేదు. డబ్బుమంది. లోపల ఏదో ఖాళీ ఉన్నట్టు, పుచ్చిన గుమ్మడికాయని తట్టినట్టు. గంగులు సమ్మెట ఎత్తి ఒక్క క్షణం ఆగాడు. ఆమె అతని మొహం చూడబోయేసరికి మళ్లీ వేశాడు.

అతను విన్నాడా? ఆ రాత్రి అన్నం దగ్గర అడగాలనుకుంది. పక్కనే మామ. నీళ్లచెంబు ఎక్కడుందో చేత్తో తడుముతూ, తడుముతున్నట్టు కనపడకుండా మొల దగ్గర పంచె సర్దుకుంటున్నట్టు తడుముతూ. అత్త ఆ చెంబుని ఆయన వేళ్ల కిందకి జరిపింది, తనూ జరుపుతున్నట్టు కనపడకుండా. ఆ ఇంట్లో చెంబులూ పీటలూ అలా వాటంతటవే జరుగుతుంటాయి. గుమ్మంలోకి ఎవరొచ్చినా గంగులు పెద్దగా పేరు పెట్టి పిలుస్తాడు, "ఓయ్ నాయుడు బావూ, ఇలగొచ్చినారేటి" అని. అయ్యకి తెలియాలని. ఊరికి తెలియకూడదని. తండ్రుల నాటి నుంచి తల్లికి కత్తి చేసిన ఇల్లు. కళ్లు లేనివాడు చేశాడంటే ఆ కత్తిని తల్లి ముట్టదు, ఆ మనిషి ఆ రోజే చచ్చిపోతాడు. ఊపిరి ఆడుతూనే ఉంటుంది గాని చచ్చిపోతాడు. ఈమధ్య కొండల వైపు పోలీసు జీపులు తిరగడం మొదలయ్యాక, కొడవలి చేయించుకున్నవాళ్లు కూడా గుడ్డ చుట్టి ఇమ్మంటున్నారు. కొలిమిలో పని పలచబడింది. పొద్దస్తమానం మామ అరుగు మీద కూచుని ఈ కత్తి గురించే మాట్లాడాడు. దీన్లో అలలు ఎలా వస్తాయో, ఎక్కడ తిరుగుతాయో గాలిలో వేలితో గీసి చూపించాడు. ఆ వేలు చక్కగా గీసింది. వేలికి కళ్లు బాగానే ఉన్నాయి.

వచ్చేస్తున్నాయి. కూర్మమ్మ పీట మీంచి ముందుకి వంగింది. తెల్లటి లోహం మీద ముందు మసక, ఆ మసకలోంచి ఒక గీత, దాని పక్కన ఇంకోటి. ఉక్కు నల్లబడుతోంది, మెత్తినుము వెండిలా మిగులుతోంది. అల వెనక అల, మొదట్లో సన్నగా, నడుమ దగ్గర వెడల్పుగా తిరిగి, కొసకి మళ్లీ సన్నబడి, మామ గాలిలో గీసింది గీసినట్టే. ఎంత బాగుంది. రేపటిని మరిచిపోయి, దాహాన్ని మరిచిపోయి ఆమె చూస్తూ ఉండిపోయింది. వంశధారలో పడవ మీద పోతున్నప్పుడు చెయ్యి నీళ్లలో పెడితే వేళ్ల చుట్టూ ఇలాగే వచ్చేవి. ఇంత అందం ఆ చీకట్లో, ఎవరికీ కనపడకుండా, ఎవరూ చూడకపోయినా, ఇలాగే ఉండేదా? తన కళ్లతో చూసుకోలేని మనిషి ఎలా చేశాడు దీన్ని? మావా నీ కళ్లు పోలేదు మావా, అనుకుంది. అనుకుంటుండగా కనిపించింది.

బుడగలన్నీ అణిగిపోయాయి. ఒక్కచోట అణగలేదు. నడుముకి కాస్త పైన, పిడివైపు, చీమలబారులా ఒక వరస బుడగలు ఇంకా వస్తూనే ఉన్నాయి. ఒకదాని వెంట ఒకటి, ఒకే గీతలోంచి. ఆ గీత అలలతో పాటు పోవడంలేదు. అలల్ని అడ్డంగా కోసుకుంటూ అంచువైపు పోతోంది. వెంట్రుకంత సన్నం. చూరు నీడ తొట్టి అంచుని తాకింది. ఆమె పట్టకారుతో కత్తిని పైకెత్తి, నీళ్లు పోసి, బూడిద పామి రుద్ది, మళ్లీ నీళ్లు పోసి, పాతచీర గుడ్డతో తుడిచింది. కత్తి ఆరింది. అలలన్నీ పొడిగా, తళతళలాడుతూ. చూస్తుండగానే ఆ వెంట్రుక గీత తడిసింది. ఎవరూ పొయ్యకుండా, ఎక్కడినుంచో. తుడిచింది. ఆరింది. మళ్లీ తడిసింది, ఈసారి ఎర్రగా, పలచని కుంకుమనీళ్లలా. నౌపడలో పగిలిన కుండ అంతే. ఉప్పునీళ్లు పోసి పెడితే పగులు కంటికి కనపడదు, బయట చెమ్మ కనపడుతుంది. తుడిస్తే మళ్లీ చెమర్చుతుంది. అమ్మ ఆ కుండని చూడగానే పక్కన పెట్టేసేది. పులుపు లోపలికి పోయింది. లోపలికి పోయే దారి ఉంది. తాటిపండు రంగు దగ్గర అతకని అతుకు, డబ్బుమన్న చోటు. ఇది రేపు కొయ్యమొద్దు మీద పడితే విరుగుతుంది. విరిగిన ముక్క ఎటు పోతుంది?

ఏటి అవతల ఊళ్లో ఒకసారి విరిగిందని అత్త చెప్పింది, ఎప్పుడో పేలు చూస్తూ చెప్పింది. ముక్క ఎగిరి డప్పులాయన తొడలో దిగింది. పిడితో మిగిలిన సగం వేటు వేసినవాడి మోకాలిని పట్టుకుపోయింది. అది కాదు పెద్ద సంగతి అత్తకి. తర్వాత ఆ ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఏ గేదె చూలు ఈచుకుపోయినా ఆ కమ్మరింటి వైపు చూసేవాళ్లు. వాళ్ల కొలిమిలో నిప్పు అడగడానికి కూడా ఎవరూ పోలేదు. చివరికి కుంటుకుంటూ ఖరగ్‌పూర్ పోయారు, రైలు కర్మాగారంలో బొగ్గు మొయ్యడానికి. కూర్మమ్మ గంగులు మోకాలు తలుచుకుంది. సమ్మెట వేసేటప్పుడు ఎడమ మోకాలు కాస్త వంచి ముందుకి పెడతాడు. మళ్లీ కొలిమిలో పెట్టి కాలిస్తే? తల్లి పేరు చెప్పి పులుపులో దించిన ఇనుము మళ్లీ నిప్పు ఎక్కకూడదు. పులుపులోనే వదిలేస్తే? అలలు కూడా తినేసి నల్లగా, గొంగళిపురుగులా అయ్యేదాకా వదిలేస్తే? దానికి రాత్రంతా పడుతుంది, అత్త ఇప్పుడో ఇంకో క్షణానికో వస్తుంది. నాను ముట్టయ్యాను అంటే? ముట్టయిన మనిషి చూసిన కత్తి పనికిరాదు. పాత కత్తే దించుతారు, పాత కత్తి గట్టిది. తిడతారు, కొడతారేమో, ఏడేళ్లూ దెప్పుతారు. దెప్పనీ. కాని తను మొన్ననే తలంటుకుని లోపలికి వచ్చింది. అందుకే కదా ఈ పీట మీద తనని కూచోబెట్టారు. ఈ ఇంట్లో ఆడవాళ్ల రోజులు దండెం మీది చీరలే చెప్పేస్తాయి. అబద్ధానికి కూడా చోటు లేదు. నిజానికి ఉందా? మావా, నీకు రంగు తెలీలేదు, అని ఎవరంటారు? ఎవరి నోటితో?

"ఏటే, తీసీసినావా?" పిండి చేతులతో అత్త గుమ్మంలో నిలబడింది. కత్తి వైపు చూసి మొహం విప్పారింది. "ఓలమ్మ, ఎంత బాగా ఒచ్చినాయే అలలు. మీ మావకి సెప్పాల." అంటూనే దగ్గరికొచ్చి వంగి, "అదేటి, తడున్నాది, సరిగ్గా తుడు" అంది. కూర్మమ్మ తుడవలేదు. గుడ్డ వెనక్కి పెట్టుకుంది. అత్త ఆ గుడ్డ లాక్కుని తనే తుడిచింది. ఇద్దరూ చూస్తున్నారు. గీత ఆరింది. గీత తడిసింది. అత్త మళ్లీ తుడిచింది, మళ్లీ ఎర్రగా ఊరింది. తవిటమ్మ చేతిలోంచి గుడ్డ జారిపోయింది.

"అత్తా, అది అతుకండి. అతకనేదు. లోపల పగులున్నాది" అంది కూర్మమ్మ. అన్నది. ఎన్ని రోజులుగానో గొంతులో ఉన్న మాట అంత చిన్నగా, అంత మామూలుగా బయటికి వచ్చింది. అత్త విందో లేదో. ఆవిడ కళ్లనిండా నీళ్లు. "నోర్ముయ్యే, తప్పు" అంది. ఆ అనడంలో కోపం లేదు, గుడిలో గట్టిగా మాట్లాడిన పిల్లని అన్నట్టు అంది. "సెమర్సింది. అమ్మ సెమర్సినాదే. ఉడుకు పుట్టినాదమ్మా నీకు, మా ఇంటికొచ్చినావమ్మా." పిండి చేతులతోనే నేల మీద సాగిలపడింది. లేచి వీధిలోకి పరిగెట్టింది. డప్పు దెబ్బలు ఆగిపోయాయి.

ఆ తర్వాత అంతా నీళ్లలోపల జరిగినట్టు జరిగింది. మనుషులు వచ్చారు. ఎవరో పసుపు తెచ్చారు, ఎవరో వేపాకు తెచ్చారు. పక్కింటి జగ్గమ్మ గుడ్డతో తుడిచి చూపించింది, ఇంకొకరు తుడిచి చూపించారు. తుడిచినప్పుడల్లా తడిసింది, తడిసినప్పుడల్లా దణ్ణాలు పెట్టారు. తుడవకండి, మీరు తుడిచిన కొద్దీ అది అలాగే వస్తుంది, అని కూర్మమ్మ జగ్గమ్మ చెయ్యి పట్టుకుంది. జగ్గమ్మ ఆమె నొసట కూడా బొట్టు పెట్టింది, "నీ సేతిలో సెమర్సినాదే బొట్టీ, అదురుష్టవంతురాలివి" అని. ఊరిపెద్ద నరసింగరావు నాయుడు చెప్పులు బయట విడిచి పాకలోకి వంగి వచ్చాడు. ఆయన ఎప్పుడూ ఈ పాకలోకి రాలేదు. "ఒరే జగన్నాధం, మా తాత నాట్నించీ ఇలగ జరిగినాదని ఇన్లేదురా. మీదేరా సెయ్యంటే" అన్నాడు. మామ వస్తున్నాడు. గంగులు ఆయన రెక్క పట్టుకుని తెస్తున్నాడు, జనంలో తోవ చేస్తున్నట్టు. మామకి తెలుస్తుంది, అనుకుంది కూర్మమ్మ. మిగతావాళ్లకి తెలియకపోవచ్చు. యాభై ఏళ్లు ఇనుము కొట్టిన మనిషికి, లోపల ఉన్నదే బయటికి వస్తుందని ఒళ్లో కూచోబెట్టుకుని చెప్పిన మనిషికి తెలుస్తుంది. వేలితో చూస్తాడు, చెబుతాడు.

ఆయన వేలితో చూశాడు. బొటనవేలు అలల మీద మెల్లగా పాకింది, నడుము దాటింది, తడి తగిలి ఆగింది. వేలిని నాలుక మీద పెట్టుకున్నాడు. మళ్లీ వేలు పెట్టి, ఆ గీత వెంట అంచుదాకా పోయాడు, గోటితో. ఎక్కడ మొదలైందో అక్కడ ఒకసారి ఆగాడు, ఎక్కడ అయిపోయిందో అక్కడ ఒకసారి ఆగాడు. అది దణ్ణం పెట్టే చెయ్యి కాదు. కొలిచే చెయ్యి. పగులు ఎంత పొడుగుందో కొలిచే కమ్మరి చెయ్యి. ఆయన మొహంలో ఏదో కిందికి దిగిపోయింది. పాలకళ్లు జనం వైపు తిరిగాయి, ఎవరి మీదా ఆగకుండా. అందరూ ఎదురుచూస్తున్నారు. అత్త "సెప్పండి, సెప్పండి" అంటోంది. నాయుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆ ఊరిపెద్ద, చేతులు కట్టుకుని, ఆయన ముందు. మామ ఆ తడివేలిని తీర్థం రాసుకున్నట్టు నెత్తిన రాసుకున్నాడు. "అమ్మే" అన్నాడు. మళ్లీ అన్నాడు. "అమ్మే."

నమ్మాడా? నమ్మాలనుకున్నాడా? లేక ఇంతమంది ముందు ఇంకోమాట లేకపోయిందా? తనకి మాత్రం ఉందా ఇంకోమాట? చెప్పింది కదా, ఒకసారి చెప్పింది కదా. మళ్లీ చెప్పడానికి నోరు తెరిచింది. అప్పుడే బయట డప్పులన్నీ ఒక్కసారి మోగాయి, బాగా కాగిన డప్పులు, ఒక్కదానిలోనూ అబద్ధం లేదు. ఆమె నోరు కదిలింది. తనకే వినపడలేదు.

పొద్దు వాలుతుండగా జనం పలచబడ్డారు. కత్తిని పసుపుబట్ట మీద పెట్టి, పిడి కట్టడానికి గంగులు ముందు వదిలి, అత్త హారతికి పళ్లెం తోముకోడానికి పోయింది. మామ అరుగు మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం తినలేదు, ఉపవాసం అన్నాడు. గంగులు జనపతాడు నీళ్లలో నానబెట్టి పిడికి చుట్టడం మొదలెట్టాడు. "ఒసే కూర్మీ, ఈ కొస పట్టుకో" అన్నాడు. ఆమె పట్టుకుంది. అతను చుడుతూ, కత్తి వైపు చూడకుండా, "పొట్టేలు సూసినావా, నాయుడు గారి బుర్రంత ఉన్నాది దాని మెడ" అన్నాడు. ఆమె నవ్వలేదు. అతనూ నవ్వలేదు. రెండు చుట్లు వేశాక అన్నాడు.

"రేపు నువ్వు నాకు ఎదర నిలబడకు."

ఆమె చేతిలో తాడు వదులైంది.

"ఎడంపక్కా ఒద్దు. ఆడోళ్లతో కలిసి బాగా ఎనక్కుండు. డప్పులోళ్లకీ సెప్తాను, ఎదర రావొద్దని. మొక్కు అంతాను, ఏదో అంతాను."

"నీకు తెలుసా?" అంది.

"సమ్మెట ఎవుడేసినాడే? నానే కదా." తాడు తడుపుకోడానికి నీళ్లలో చెయ్యి పెట్టి అక్కడే ఉంచాడు. "ఆ డబ్బుమన్న దెబ్బ నా సేతికి తగిలినాది. ఇప్పటికీ ఉన్నాది."

"మరి మావకి సెప్పలేకపోనావా? ఇప్పుడైనా సెప్పు. నాయుడు బావుకి సెప్పు. భుజం నొప్పని సెప్పు."

గంగులు అరుగు వైపు చూశాడు. గోడవైపు తిరిగిన ఆ వీపు కదలలేదు, నిద్రపోయే వీపులా కూడా లేదు. "అయ్య ఈవేళ నవ్వినాడా, సూసినావా" అన్నాడు. నవ్వలేదు కదా అనబోయి కూర్మమ్మ ఆగింది. ఆ ప్రశ్న జవాబు కోసం అడిగింది కాదు, అయ్యకీ తెలుసని చెప్పడం.

"మరి నువ్వో?" అంది. "అందర్నీ ఎనక్కి పొమ్మంతన్నావు. నువ్వెక్కడ నిలబడతావు?"

"నానెక్కడ నిలబడతానే. కత్తి ఎనకాలే కదా." తాడు మళ్లీ అందుకున్నాడు. "బిగువుగా పట్టుకో, జారిపోతంది."

ఆమె కొసని చేతికి రెండు మెలికలు వేసుకుని లాగింది. పిడి దగ్గర ఎంత బిగించినా పైన పగులు మూసుకోదని తెలుసు. తాడు అరచేతిని కోస్తోంది. అతను చుట్టు వెనక చుట్టు వేస్తున్నాడు. ఇంకా లాగు, అన్నాడు. లాగుతన్నాను, అంది. ఇంకా, అన్నాడు. లాగుతూనే ఉంది.